ఇప్పటికైతే

మా నల్లాకు సైకిల్ ట్యూబు కట్టి
ఇది మూడో ఎండకాలం.
వాషరు పది రూపాయలు.
శివనగరంత నల్లాలు బాగుజేసేటోన్ని,
సంచిల వాషర్లు గలగలమంటుంటయి,
ఇంటి గడప దాటంగనే
చేతులు నావి గానట్టు బరువెక్కుతయి.
"ఇప్పటికైతే ఆగింది గదా" అంట.
యాకలక్ష్మి ఏమనది.
కింద గిన్నె పెడ్తది.
రాత్రంత గిన్నెల పడే చుక్క సప్పుడే
ఆమె జవాబు.

పోయిన వానాకాలం
కోతి దుంకి రేకు పలిగింది.
ఫంక్షన్ హాల్ ఎనక పారేసిన ఫ్లెక్సీ తెచ్చి
మీద పరిచి, నాలుగు ఇటుకలు పెట్టిన.
బొమ్మ కిందికి పడ్డది, చూసుకోలే.
ఎవరి బిడ్డో, చీరల ఫంక్షను పిల్ల.
పూలజడ ఎటో పోయింది,
పలిగిన సందులకెల్లి
ఒక కన్ను, సగం నవ్వు
మా మంచం దిక్కు.
చిన్నోడు పేరు పెట్టిండు: పైనక్క.
అన్నం తినకుంటే
"పైనక్క చూస్తున్నదిరా" అంటది వాళ్లమ్మ.
ఉరిమినప్పుడల్లా వాడు లేచి
"అక్క తడుస్తున్నది" అంటడు.
తడవబట్టే మనం తడుస్తలేమని
ఎట్ల చెప్పాలె?

కొత్త రేకు తొమ్మిది వందలు.
తొమ్మిది వందలు చేతికొచ్చిన పొద్దు
అవి ముందే ఇంకొకరివి.
ఏడు కొట్టంగనే గిరిగిరి పిలగాని బండి హారను.
వానికియ్యను బాషుమియా కాడ చేబదులు,
బాషుమియాకియ్యను
యాకలక్ష్మి కమ్మలు చౌరస్తల కుదవ.
"ఒక తూటు మూసెతందుకు
పక్కన తూటు పొడవకురా" అని
మా ఉస్తాద్ మొదటి రోజే చెప్పిండు.
పైపుల గురించే అనుకున్న.

మాఘమాసంల మేడారం పని దొరికింది.
వాగొడ్డు పొంటి రెండు వందల నల్లాలు.
"మరీ బిగియ్యకు, మళ్ల ఇప్పుకపోవాలె,
నాలుగొద్దులు ఆగితే సాలు" అన్నడు కాంట్రాక్టరు.
చూస్తుండంగనే అడివిల పట్నం లేచింది.
తడకల హోటళ్లు, తాత్కాలిక బస్టాండు,
తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే మైకు,
బంగారమని మొక్కి ఎత్తుకొచ్చిన బెల్లం, దాని మీద ఈగలు.
సిరోంచ దిక్కుదట ఒక ముసలామె,
అప్పుడే తీసిన గుండు
నా నల్లా కింద పెట్టింది.
నీళ్లు చెవుల మీదికెల్లి జారుతుంటే
కండ్లు మూసుకోని
"సల్లగుండు కొడుకా" అన్నది.
కారే నల్లా అది. నాకెరుకే.
రెంచి చేతులనే ఉన్నది.
అప్పుడు బిగించిన, గట్టిగ,
ఎవడు ఇప్పుతడో ఇప్పనియ్యి అని.

నాలుగోనాడు తల్లి అడివిలకు మర్లిపోయింది.
పొయ్యిరాళ్లు, ఈకలు, చెప్పుల జతలల్ల ఒక్కొక్కటి మిగిలినయి.
మేం పైపులిప్పుకున్నం.
ఆ ఒక్క నల్లా రాలే.
ఇద్దరం ఏలాడినా రాలే.
"దాన్ని ఉండనియ్యి" అన్నడు కాంట్రాక్టరు.
లారీ కదిలినంక మర్రి చూసిన.
ఎవరూ లేని ఒడ్డు మీద
ముక్కు వంచి నిలబడ్డది.

వచ్చిన కూలితోని కమ్మలు రాలే, రేకొచ్చింది.
ఎక్కిన. ఇటుకలు తీసిన.
ఫ్లెక్సీ కొస పట్టుకున్ననో లేదో
కిందికెల్లి చిన్నోడు:
"అక్కను ఏడికి తోలుతున్నవ్ బాపూ?"

పలిగిన రేకు తియ్యలే. ఫ్లెక్సీ తియ్యలే.
కొత్తది వాటి మీదనే పరిచిన.
ఇప్పుడు ఎలుతురు రాదు,
కన్ను కనవడది.
పండుకునే ముందు చిన్నోడు
నా ఫోన్ల టార్చి అడుగుతడు,
ఒక్కసారి పైకి కొట్టి, ఆర్పి, పంటడు.

ఇగ మిగిలింది నల్లా.
వాషరు సంచిలనే ఉన్నది.
ఆదివారం చూద్దామంటిని.
గిన్నెల చుక్క పడ్డది.
యాకలక్ష్మి
అటు మర్రి పండుకున్నది.